‘పుట్ అప్’ ఒక మాట, ‘పుట్ అప్ విత్’ ఇంకొక మాట

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పై అధికారి ఇంగ్లండు దేశస్థుడు. ఆయన భార్యతో కలిసి కాణిపాకం, తిరుమల చూడడానికి వస్తున్నారని తెలిసి, మా ఇంట్లోనే దిగమని నేను స్వయంగా ఉత్తరం రాశాను. అందులో ‘వుయ్ విల్ బి హ్యాపీ టు పుట్ అప్ విత్ యూ ఫర్ టూ డేస్’ అని ఉంది. మా అబ్బాయి నకలు చదివి తల పట్టుకున్నాడు. ‘నాన్నా, మిమ్మల్ని రెండు రోజులు సంతోషంగా భరిస్తాం అని రాశావు’ అన్నాడు. ‘పుట్ అప్’ అంటే బస అనే కదా మేము బడిలో చదువుకున్నది? బస కాస్తా భరించడంగా ఎలా మారింది?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పినదీ నిజమే, మీరు బడిలో చదువుకున్నదీ నిజమే. ‘పుట్ అప్’ అంటే బస ఇవ్వడం. ‘పుట్ అప్ విత్’ అంటే ఇష్టం లేకపోయినా ఓర్చుకోవడం. మీరు రాయవలసిన వాక్యం ‘వుయ్ విల్ బి హ్యాపీ టు పుట్ యూ అప్ ఫర్ టూ డేస్’. అతిథిని సూచించే ‘యూ’ అనే మాట ‘పుట్’కూ ‘అప్’కూ మధ్యలో రావాలి. ‘విత్’ అసలు రాకూడదు.

ఆ ‘విత్’ మీ కలానికి ఎక్కడ తగిలిందో ఊహించగలను. ‘మాతో ఉండండి’, ‘మా దగ్గర ఉండండి’ అని మనసులో అనుకుంటాం. ఆ ‘తో’, ఆ ‘దగ్గర’ ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘విత్’ అవుతాయి. ‘స్టే’ పక్కన అయితే అది చక్కగా అతుకుతుంది. ‘స్టే విత్ అస్’ అంటే మా ఇంట్లో ఉండండి అనే అర్థం. ‘పుట్ అప్’ పక్కన చేరితే మాత్రం మూడు మాటలూ కలిసిపోయి వేరే క్రియ అవుతాయి. సెలవుల్లో మద్రాసు వెళ్లి మేనమామ ఇంట్లో ఉన్న పిల్లవాడు ‘ఐ పుట్ అప్ విత్ మై అంకుల్’ అని వ్యాసంలో రాస్తే, ఇంగ్లండులో చదివేవారికి ఆ మేనమామ ఎంత చిరాకు పెట్టాడో పాపం అనిపిస్తుంది.

మీరొక్కరే కాదు, మన దేశంలో ఎందరో ఇలా రాస్తారు. అందుకు కారణం కూడా ఉంది. ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అనే ప్రశ్న మనకు మామూలు. ఎక్కడ దిగారు, ఎక్కడ ఉంటున్నారు అని దాని అర్థం. తిరుపతి రైల్వే స్టేషన్ బయట కాసేపు నిలబడితే ఈ ప్రశ్న తమిళ యాసలో, కన్నడ యాసలో, మరాఠీ యాసలో వినిపిస్తుంది. స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసం అనో, బస్టాండు ఎదురుగా ఉన్న శ్రీనివాసం అనో, ఫలానా సత్రం అనో జవాబు వస్తుంది. ఇంగ్లండులో ఈ చోట ఇప్పుడు ‘వేర్ ఆర్ యూ స్టేయింగ్?’ అంటారు. ‘పుట్ అప్ ఎట్ యాన్ ఇన్’ అనేది గుర్రపు బండ్ల కాలపు ప్రయాణికుల మాట. బాటసారి సత్రానికి చేరి గుర్రాన్ని లాయంలో కట్టేయించడమూ ‘పుట్ అప్’, తానూ ఆ రాత్రికి అక్కడ ఆగడమూ ‘పుట్ అప్’. ఆ మాట అక్కడ పాతబడింది, మన దగ్గర పచ్చగా ఉంది. సత్రాల ఊళ్లో సత్రం మాట బతికి ఉండడం నాకు సంతోషంగానే ఉంటుంది. మన దేశం లోపల దానిని నిస్సంకోచంగా వాడండి. బయటివారికి రాసేటప్పుడు ‘స్టే’ వాడండి.

ఇక మీ అసలు ప్రశ్న. బస భరించడంగా మారలేదు. రెండూ ‘పుట్ అప్’ అనే ఒకే మాటకు వేరువేరు వైపుల వేసిన కొమ్మలు. ఆ మాటకు ఉన్న పాత అర్థాల్లో ఒకటి, బయట ఉన్న వస్తువును తీసి లోపల పెట్టేయడం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో యోహాను సువార్త పద్ధెనిమిదో అధ్యాయంలో, పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుని సేవకుడి చెవి నరికినప్పుడు యేసు అతనితో ‘పుట్ అప్ దై సోర్డ్’ అంటాడు. కత్తిని ఒరలో పెట్టు అని. ఆ రోజుల్లోనే, ఎదుటివాడు చేసిన అన్యాయానికి బదులు తీర్చుకోకుండా మింగి ఊరుకోవడాన్ని కూడా ‘పుట్ అప్’ అనేవారు. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాలుగో అంకంలో రొడరిగో, ఇన్నాళ్లూ తెలివితక్కువగా పడిన బాధను ఇక నోరు మూసుకుని ఊరుకోలేనని చెప్పడానికి ‘పుట్ అప్’ అనే వాడతాడు. అక్కడ ‘విత్’ లేదు. అవమానాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోవడం లాంటి భావన అది. ‘విత్’ తరువాత వచ్చి చేరింది. పద్ధెనిమిదో శతాబ్దానికి ఇప్పటి రూపం కుదురుకుంది.

ఈ చరిత్ర తెలుగువారికి అంత వింతగా తోచనక్కరలేదు. మనం కూడా బాధను లోపలికే పంపిస్తాం. ‘దిగమింగాడు’ అంటాం. ‘తప్పులుంటే కడుపులో పెట్టుకోండి’ అని పెళ్లికూతురి తల్లి వియ్యపురాలి చేతులు పట్టుకుని అడుగుతుంది. ‘పుట్’ అంటే పెట్టు. వాళ్లు ఒరలో పెట్టారు, మనం కడుపులో పెట్టుకున్నాం.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కడుపులో పెట్టుకోవడంలో ప్రేమ ఉంది. తప్పును క్షమించి, మనిషిని దగ్గరకు తీసుకోవడం అందులో ఉంది. ‘పుట్ అప్ విత్’లో అది లేదు. ఒరలో పెట్టిన కత్తి ఒరలో ఉంటుంది, పోదు. ఇంగ్లీషువాళ్లు ‘పుట్ అప్ విత్’ అన్నారంటే, ఆ పని నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు, కానీ నోరు మెదపడం లేదు అని అర్థం. నచ్చకపోవడం ఆ మాటకు ప్రాణం. నచ్చకపోవడం లేని చోట దానిని వాడకూడదు.

మా తిరుపతి ఉదాహరణే చెబుతాను. వేసవిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగేటప్పుడు వేషం కట్టినవారు వీధిలో ఎదురైనవారిని నోటికి వచ్చినట్టు తిడతారు. అది మొక్కులో భాగం. తిట్టించుకున్నవారు నవ్వుకుంటూ దారి ఇస్తారు, పిల్లలను ముందుకు తోసి మరీ చూపిస్తారు. జాతర గురించి ఇంగ్లీషులో రాస్తూ ‘పీపుల్ పుట్ అప్ విత్ ద అబ్యూజ్’ అంటే అది అబద్ధం అవుతుంది. జనం దానిని భరించడం లేదు. వారికి అది తప్పుగానే తోచడం లేదు. అక్కడ ‘డోంట్ మైండ్’ అనాలి. అదే జాతర రోజుల్లో మీ కిటికీ పక్కనే మైకు పెట్టి తెల్లవారే దాకా పాటలు వేశారనుకోండి, రేపు పిల్లవాడికి పరీక్ష ఉందనుకోండి, అయినా అమ్మవారి పండుగ కదా అని మీరు ఊరుకున్నారనుకోండి. అది ‘పుట్ అప్ విత్’.

తిరుపతిలో కాపురం ఉన్న ఇళ్లలో ఈ రెండు క్రియలూ పక్కపక్కనే తిరుగుతుంటాయి. మా అత్తగారు బతికి ఉన్న రోజుల్లో మా ఇంట్లో చాపలు ఎప్పుడూ చుట్టి మూల పెట్టే అవకాశం వచ్చేది కాదు. అర్ధరాత్రి రైలు దిగి తలుపు తట్టేవారు కొందరు, కొండ దిగి గుండు మీద చందనంతో, చేతిలో లడ్డూ సంచితో వచ్చేవారు కొందరు. అందులో సగం మంది చుట్టరికం ఏ వైపుదో నాకు తెలిసేది కాదు. ఆమె వాళ్లందరికీ బస ఇచ్చింది, అది ‘పుట్ అప్’. పొద్దున్నే నీళ్ల తొట్టి ఖాళీ అయిపోతే కాలేజీకి ఆలస్యమవుతూ నేను పళ్లు బిగబట్టేదాన్ని, అది ‘పుట్ అప్ విత్’. ఆమె మాత్రం ఎవరినీ భరించలేదు. వచ్చినవారు వెళ్తుంటే నిజంగానే బాధపడేది. ఆమె గురించి ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే నేను ‘పుట్ అప్ విత్’ అనే మాటను దగ్గరకు రానివ్వను.

ఇప్పుడు ఏం చేయాలో మీరు అడగలేదు కానీ చెబుతాను. వాళ్లు బయలుదేరేలోగా ఇంకొక చిన్న ఉత్తరం పంపండి. తప్పు ఎక్కడ జరిగిందో వివరించే పని పెట్టుకోకండి. ‘వుయ్ వుడ్ లవ్ టు హ్యావ్ యూ స్టే విత్ అస్’ అని ఒక్క వాక్యం చాలు. దాని కింద మీ ఇంటి గుర్తులు, భోజనంలో వాళ్లు తినని పదార్థాలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న రాయండి. కారం గురించి ముందే అడిగిన ఇల్లు తమను భరిస్తుందని ఏ అతిథీ అనుకోరు.

ప్రశ్న: నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ‘ఫైలు పుటప్ చేయండి’ అని మా దగ్గర రోజూ అనుకుంటాం. కొత్తగా చేరిన అమ్మాయి అది ఇంగ్లీషే కాదు అంటోంది. నిజమేనా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇంగ్లీషే. అయితే మన కార్యాలయాల ఇంగ్లీషు. నిర్ణయం కోసం కాగితాలను పై అధికారి ముందు ఉంచడం అని దాని అర్థం. ‘పుట్ అప్ ఎ ప్రపోజల్’, ‘పుట్ అప్ ఎ క్యాండిడేట్’ అని ఇంగ్లండులోనూ అంటారు. ప్రతిపాదనను, అభ్యర్థిని ముందుకు తేవడం. మన వాళ్లు అదే దారిలో ఒక అడుగు ముందుకు వేసి ఫైలును కూడా పైకి పంపారు. ఆ అమ్మాయికి కోపం రాకుండా చెప్పండి. ఆమె విదేశీ సంస్థకు రాసేటప్పుడు ‘సబ్మిట్’ వాడాలి, మీ సెక్షన్లో మాత్రం ‘పుటప్’ అంటేనే పని జరుగుతుంది.

మీ ఉత్తరం చదివాక నాకు ఒక చిక్కు గుర్తుకొచ్చింది. అది పై ప్రశ్నకు కూడా సంబంధించినది. కార్యాలయాల్లో నోట్ అంచున అధికారి ‘పుట్ అప్ విత్ డ్రాఫ్ట్’ అని రాస్తారు. ముసాయిదా జతచేసి సమర్పించండి అని ఆదేశం. ‘పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్’ అంటే పాత కాగితాలతో కలిపి పెట్టండి అని. చూశారా, అవే మూడు మాటలు, అదే వరుస, అయినా భరించడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ ‘విత్’ క్రియలో కలిసిపోలేదు. అది ‘డ్రాఫ్ట్’ చేయి పట్టుకుని నిలబడింది. ‘పుట్ అప్’ దగ్గర వాక్యం తెగుతుంది, తరువాత ‘విత్ డ్రాఫ్ట్’ వస్తుంది. భరించడం అన్న అర్థంలో తెగదు. నోటితో పలికి చూడండి. మొదటిదానిలో ‘అప్’ తరువాత చిన్న విరామం ఇవ్వవచ్చు. ‘ఐ పుట్ అప్ విత్ ఇట్’లో ఆ విరామం ఇస్తే మాట విరిగిపోతుంది. అక్కడ ‘అప్’ను ఒత్తి పలికి, ‘విత్’ను దాని వెంటే తేలికగా జారనివ్వాలి.

ఆ చిన్న ఆదేశాన్ని ఇంగ్లండు మనిషికి చూపిస్తే, ముసాయిదా బాగా లేకపోయినా సర్దుకోండి అని అధికారి చెబుతున్నట్టు అర్థమవుతుంది. మీ కార్యాలయంలో తరతరాలుగా ఎవరికీ అలా అర్థం కాలేదు. వాడేవారంతా ఒప్పుకున్న అర్థమే మాటకు అర్థం కాబట్టి దీనిని మార్చమని నేను అడగను.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. పక్కింటి ముసలావిడ ఈ వారమంతా ‘పుటింగ్ అప్ పీచెస్’ అని చెప్పిందట. పండ్లకు బస ఇవ్వడం ఏమిటమ్మా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆమె పీచ్ పండ్లను నిల్వ పెడుతోంది. ముక్కలు చేసి, చక్కెర పాకంలో వేసి, గాజు సీసాల్లో నింపి, మూత బిగించి, గాలి చొరబడకుండా వేడి నీళ్లలో మరిగించడాన్ని అమెరికాలో, ముఖ్యంగా పాత తరం వాళ్లు, ‘పుట్ అప్’ అంటారు. కత్తిని ఒరలో పెట్టడం అన్నానే, అదే అర్థం. తీసి లోపల దాచడం. మీరు ఎండాకాలంలో ఆవకాయ ‘పెడతారు’ కదా. మీ అమ్మాయిని ఈసారి ఆ ముసలావిడతో ‘మా అమ్మ మామిడికాయలు పుట్ అప్ చేస్తుంది’ అని చెప్పమనండి. ఆవిడకు వెంటనే అర్థమవుతుంది. నూనె, ఆవపిండి, కారం సంగతి ఆ తరువాత వివరించుకోవచ్చు.

ప్రశ్న: ‘టాలరేట్’, ‘బేర్’, ‘ఎండ్యూర్’, ‘సఫర్’, ‘పుట్ అప్ విత్’ అన్నిటికీ నిఘంటువులో భరించు అనే ఉంది. ఒకదాని చోట ఇంకొకటి వాడవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: కొన్నిచోట్ల వాడవచ్చు, కొన్నిచోట్ల వాడితే మనిషిని గాయపరుస్తాం. అందుకే ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను.

‘పుట్ అప్ విత్’లో నచ్చకపోవడం ఒకటే కాదు, ఎదురు చెప్పే వీలు ఉండి కూడా చెప్పకపోవడం ఉంది. పక్కింటి కుక్క అరుపు, బస్సులో ఎవరో పెద్దగా పెట్టిన ఫోను, ఆలస్యంగా వచ్చే పనివాడు. వీటి మీద గొడవ పెట్టుకోవచ్చు, ఊరుకోవచ్చు. మనం ఊరుకున్నాం. సర్వదర్శనం క్యూలో గంటల తరబడి కూర్చోవడం కూడా ఇందులోకే వస్తుంది. లేచి వచ్చేయవచ్చు, కానీ స్వామిని చూడాలి కాబట్టి ఉంటాం. ‘వుయ్ పుట్ అప్ విత్ ద లాంగ్ వెయిట్’ అంటే చక్కగా సరిపోతుంది. అలిపిరి మెట్లు మోకాళ్లతో ఎక్కే మొక్కు ఉన్న మనిషి గురించి మాత్రం ఆ మాట అనకండి. ఆయన ఆ నొప్పిని కోరి తెచ్చుకున్నాడు. అక్కడ ‘ఎండ్యూర్’ ఆయనకు ఇవ్వవలసిన గౌరవం ఇస్తుంది.

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచినప్పుడు లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు తడిసిపోయాయి. ఆ కుటుంబాలు ‘పుట్ అప్ విత్ ద ఫ్లడ్’ అని రాస్తే, అదేదో చిన్న అసౌకర్యం అయినట్టు, వాళ్లు కాస్త సర్దుకున్నట్టు వినిపిస్తుంది. వరదతో వాదించడానికి ఏముంది? అక్కడ ‘సఫర్’ అనాలి. చావు, భూకంపం, పెద్ద జబ్బు, వీటి పక్కన ‘పుట్ అప్ విత్’ పెట్టకండి.

దీనికి ఇంకొక వైపు ఉంది. ‘వై డు యూ పుట్ అప్ విత్ హిమ్?’ అని ఇంగ్లీషులో స్నేహితురాలు స్నేహితురాలిని అడుగుతుంది. ఎందుకు పడుతున్నావు, వదిలి రాకూడదా అని. ఆ ప్రశ్నలో నీకు దారి ఉంది అనే ధైర్యం ఉంది, దారి ఉండి కూడా నువ్వు పడుతున్నావు అనే నింద కూడా ఉంది. నిజంగా దారి లేని ఆడపిల్లను ఈ ప్రశ్న అడిగితే అది దెబ్బ మీద దెబ్బ. మీ తరగతిలో ఈ వాక్యం పాఠంలో వస్తే దయచేసి ఈ మాట కూడా పిల్లలకు చెప్పండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ‘టాలరేట్’ రాతలో, నియమాల్లో, ఉపన్యాసాల్లో ఎక్కువ. ‘బేర్’ చాలావరకు ‘కాంట్’తో వస్తుంది. ‘ఐ కాంట్ బేర్ ఇట్’ అంటే తట్టుకోలేను. ఇంట్లో, బజారులో, స్నేహితుల మధ్య నోట వచ్చేది ‘పుట్ అప్ విత్’.

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయంలో చదువుతూ బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. ఫ్రేజల్ వెర్బ్‌ల జాబితాలు బట్టీ పడుతున్నాను. పరీక్షలో అన్నీ కలిసిపోతున్నాయి. ఎలా చదవాలి?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: జాబితా మూసేయండి తల్లీ. ఒక క్రియకు పది ఉపపదాలు చేర్చి వరుసగా రాసుకుంటే అవి కలిసిపోక ఏమవుతాయి?

ఈ కష్టం మీకొక్కరికే వచ్చింది కాదు. సామ్యూల్ జాన్సన్ 1755లో ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినప్పుడు ముందుమాటలోనే ఈ సంగతి రాశాడు. క్రియ పక్కన చిన్న మాట చేర్చి అర్థం మార్చేయడం ఇంగ్లీషులో మిక్కిలి ఎక్కువని, విదేశీయులకు అన్నిటికంటే పెద్ద కష్టం ఇదేనని. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ‘టేక్ ఆఫ్’ ఉంది. దానికి ఆయన చెప్పిన అర్థం అనుకరించడం. ఇప్పుడు రేణిగుంటలో విమానం ‘టేక్ ఆఫ్’ అవుతుంది. అర్థాలు అలా పెరుగుతూ పోతాయి కాబట్టి జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు వీటికి అచ్చులో స్థిరపడింది ఇంకా చాలా ఆలస్యంగా. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత వాడాడు.

తెలుగు నేర్చుకునే పరాయి భాషవారిని ఒకసారి తలచుకోండి. ‘పడు’ అంటే కింద పడడం అని నేర్చుకుంటారు. తరువాత ‘బయటపడు’ వస్తుంది, ‘తిరగబడు’ వస్తుంది, ‘ఎగబడు’, ‘మొహమాటపడు’, ‘పట్టుబడు’ వస్తాయి. ఎవరూ ఎక్కడా పడడం లేదు. మీరు ఇవన్నీ ఏ జాబితా చూసి నేర్చుకున్నారు? బస్సు కోసం జనం ఎగబడడం చూశారు, ఆ మాట విన్నారు. అంతే.

కాబట్టి ఒక్కొక్క క్రియకు మీ జీవితంలోని ఒక్కొక్క వాక్యం రాయండి. మీ హాస్టల్లో నీళ్లు రాకపోతే ‘వుయ్ హ్యావ్ టు పుట్ అప్ విత్ ఇట్’. మీ అక్క వచ్చి రెండు రోజులు మీ గదిలో ఉంటే ‘ఐ పుట్ హర్ అప్’. ఈ రెండు వాక్యాల్లోనే పరీక్షకు కావలసిన వ్యాకరణం ఉంది. సర్వనామం ఎక్కడ కూర్చుందో చూడండి. బస ఇచ్చేటప్పుడు ‘హర్’ మధ్యలోకి వచ్చింది, ‘పుట్ అప్ హర్’ అనకూడదు. భరించేటప్పుడు ‘ఇట్’ చివరికి వెళ్లింది, ‘పుట్ ఇట్ అప్ విత్’ అనకూడదు. తప్పు గుర్తించే ప్రశ్నల్లో మిమ్మల్ని తడబెట్టేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకో రెండు విషయాలు. ‘పుట్’కు భూతకాలం ‘పుట్’ మాత్రమే. ‘పుటెడ్’ అనే రూపం లేదు. ‘పుట్ అప్ విత్’ తరువాత క్రియ రావలసి వస్తే అది ‘ఇంగ్’తో రావాలి: ‘పుట్ అప్ విత్ వెయిటింగ్’. ‘పుట్ అప్ విత్ టు వెయిట్’ అని వికల్పాల్లో ఇస్తే దానిని మొదటే కొట్టేయండి.

ప్రశ్న: వాక్యం చివర ‘విత్’, ‘ఆఫ్’ లాంటివి రాకూడదని మా రోజుల్లో చెప్పేవారు. ‘దిస్ ఈజ్ ద నాయిస్ వుయ్ పుట్ అప్ విత్’ అని మా మనవడు రాశాడు. దిద్దాలా?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: దిద్దకండి. మనవడు రాసినది మంచి ఇంగ్లీషు. వాక్యం చివర విభక్తి మాట రావడం తప్పన్న ఆలోచనను పదిహేడో శతాబ్దంలో కవి జాన్ డ్రైడెన్ బలంగా ముందుకు తెచ్చాడు. 1672లో నాటక రచయిత బెన్ జాన్సన్ రాతలో అలాంటి వాక్యాలను ఎత్తి చూపాడు. బడులు దానిని నియమం చేశాయి. ఇంగ్లీషు మాట్లాడేవారి నాలుక మాత్రం దానికి ఎన్నడూ లొంగలేదు. ఆ నియమాన్ని పట్టుకుని ఈ క్రియను తిప్పి రాస్తే ‘అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్’ అవుతుంది. ఈ వాక్యాన్ని విన్‌స్టన్ చర్చిల్ అన్నట్టు చెబుతుంటారు. ఆయన అన్నట్టు నమ్మదగిన ఆధారం లేదు. ఎవరు అన్నా, మూడు మాటల క్రియను ముక్కలు చేస్తే ఎంత వికారంగా ఉంటుందో అది చూపిస్తుంది.

ప్రశ్న: కోర్టు వార్తలో ‘పుట్ అప్ జాబ్’ అని చదివాను. ‘హూ పుట్ యూ అప్ టు దిస్?’ అని న్యాయవాది సాక్షిని అడిగినట్టు కూడా ఉంది. ఈ రెండూ పై అర్థాల్లో ఏవి?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఏవీ కావు. ‘పుట్ అప్ జాబ్’ అంటే ముందే కూడబలుక్కుని, నిజంగా జరిగినట్టు చూపించిన వ్యవహారం. అక్కడ మొదటి రెండు మాటలు కలిసి విశేషణంగా నిలుస్తాయి, రాతలో మధ్య అడ్డగీత పెడతారు. ‘పుట్ యూ అప్ టు’ అంటే చేయకూడని పనికి ఉసిగొల్పడం. నిన్ను ఈ పనికి ఎవరు పురిగొల్పారు అని ఆ న్యాయవాది అడిగారు. ‘విత్’ వస్తే భరించడం, ‘టు’ వస్తే పురిగొల్పడం. ఎవరినీ చెడ్డ పనికి తోయకుండా, మంచి పనికి ప్రోత్సహించినప్పుడు ఈ మాట వాడకండి. అప్పుడు ‘ఎన్‌కరేజ్’ అనాలి.